దానమిచ్చిన చేయి లెక్క అడుగవలదా?

మదురలోను, కోయంబత్తూరులోను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు దానధర్మములు చేయుట ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. రాణీ మంగమ్మ బాటసారుల కొఱకు కట్టించిన సత్రముల పేరు నేటికిని ఈ నాట వినబడుచునే యున్నది. వేసవిలో చలివేంద్రము పెట్టని వీథి, పేదపిల్లల చదువునకు చందా వేయని కులసంఘము మనలో అరుదు. అయితే నేడు మన యిండ్లకు వచ్చు విజ్ఞాపనల తీరు వేరు. నున్నని కాగితము, దానిపై రంగుల బొమ్మ, బొమ్మలో కాలులేని ఒక పసివాడు, క్రింద సముద్రములకావల నున్న యొక సంస్థ పేరు, ఆపై బ్యాంకు ఖాతా సంఖ్య. ఇప్పుడు కాగితము కూడ అక్కరలేదు. చేతిలోని ఫోనునకే బొమ్మ వచ్చును, ఫోనునుండియే ధనము పోవును. మనము బొమ్మను చూతుము, అయ్యో యందుము, పంపుదుము. పంపిన పైకము ఏమాయెనని అడుగు అలవాటు మాత్రము మనకు లేదు. మన దానగుణమునకు పట్టిన పెద్ద లోపము ఇదియేనని ఈ వ్యాసమున వాదింపదలచితిని. కొందఱు పెద్దలకు ఈ మాట కటువుగా తోచవచ్చును; తోచినను చెప్పక తప్పదు.

మన వాకిట నిలిచి చేయి చాచిన ముసలివానిని మనమెన్ని ప్రశ్నలడుగుదుము! ఏ ఊరు, పిల్లలు లేరా, పని చేసికొనరాదా, నిన్న పెట్టినది చాలలేదా యని నిలువునా విచారించి, పిదప ఒక రూపాయి బిళ్ల వేయుదుము. అదే మనము, తెల్లని చొక్కా తొడిగికొని, ఆంగ్లములో అచ్చువేసిన పుస్తకము పట్టుకొని వచ్చినవానికి వేలకు వేలు ఇచ్చి, రశీదుమీద మన పేరు సరిగా వ్రాసినాడా లేదా యని మాత్రము చూచుకొందుము. పాత్రాపాత్ర వివేచన దానమునకు ప్రాణమని మన పెద్దలు చెప్పిరి. ఆ వివేచన అంతయు పుచ్చుకొనువాని మీదనే ప్రయోగించి, నడుమనున్న మధ్యవర్తిని మాత్రము ఎన్నడును శోధింపని వారమైతిమి.

దీనికి సమాధానముగా మనవారు చెప్పు మాట ఒకటి కలదు. “ధర్మమునకు లెక్క చూడరాదయ్యా, కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదు” అందురు. ఈ మాట దాత గర్వమును అణచుటకు పుట్టినది గాని, ధర్మకర్త చిట్టాపుస్తకమును దాచుటకు పుట్టినది కాదు. మన పూర్వులు ఈ భేదమును ఎంత చక్కగా ఎఱిగియుండిరో తెలిసికొనగోరువారు తమిళదేశపు పాత ఆలయముల గోడలను చదువవలెను. చోళుల కాలమున నందాదీపమునకు దానమిచ్చినవారు 96 గొఱ్ఱెలను ఇచ్చుట వాడుక. వానిని శాసనములు “శావా మూవా పేరాడు” అనెను. చావనివి, ముసలివి కానివి యని అర్థము. ముసలిదైన గొఱ్ఱె పోయినను దాని పిల్ల దాని స్థానమునకు వచ్చును గనుక, కాపరివద్ద లెక్క ఎప్పుడును 96 ఉండవలెను. దినమున కొక ఉళక్కు నేయి దీపమునకు చేరవలెను. ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవాడెవడు, ఎంత, ఏ కొలపాత్రతో, ఎంతకాలము అన్నియు ఱాతిపై చెక్కి, దారిన పోవువాడెల్ల చదువుటకు వీలుగా నిలిపిరి. దాత పేరు ఒక పంక్తి; తక్కినదంతయు లెక్క. నేటి మన ధర్మసంస్థల గోడలమీద పాలఱాతి పలకలకు కొదువ లేదు. అందు దాతల పేర్లు, తండ్రుల పేర్లు, బిరుదులు, ఆవిష్కరణ చేసిన మంత్రిగారి పేరు కానవచ్చును గాని, ఒక్క అంకె కానరాదు. ఎవరు పురోగమించిరో, ఎవరు తిరోగమించిరో పాఠకులే యోచింతురు గాక.

ఇక సముద్రాంతరముల నున్న సంస్థల మాట. వీనిని దూషించుట నా యుద్దేశము కాదు. ఐర్లండు దేశస్థుడైన వెల్లెస్లీ బెయిలీ 1874లో నెలకొల్పిన కుష్ఠరోగుల మిషను మన మదురకు చేరువనున్న మానామదురై దయాపురములో ఆసుపత్రిని నడపినది. ఇరుగుపొరుగులు, కన్నబిడ్డలు కూడ ముట్టుకొననొల్లని వారి పుండ్లను కడిగిన చేతులకు నమస్కరింపనివాడు కృతఘ్నుడు. తానే అంధుడైన సర్ జాన్ విల్సను 1950లో ఇంగ్లండులో అంధుల కొఱకు సంఘమును స్థాపించెను. రాయల్ కామన్వెల్తు అంధుల సంఘమని పేరుగాంచి, నేడు సైట్‌సేవర్సు అనబడుచున్న ఆ సంఘము మన పల్లెలలో జరిగిన కంటి శిబిరములకు తోడ్పడినది. కాంబోడియా శరణార్థులలో కాళ్లు కోల్పోయినవారి కొఱకు 1982లో ఫ్రెంచివారు ప్రారంభించిన హాండికాప్ ఇంటర్నేషనల్ 2018లో పేరు మార్చుకొని నేటికిని పనిచేయుచున్నది. ఇట్టి సంస్థల మేలు కాదనరానిది. కాని మేలు చేయువాడు లెక్క చెప్పనక్కరలేదని ఏ శాస్త్రము చెప్పినది?

ఒక దాత ఇచ్చిన పైకము పల్లెలోని కుంటివాని చేరులోపల ఎన్ని చేతులు మారునో ఆలోచింపుడు. మొదట చందాలు పోగుచేయు కార్యాలయము, పిమ్మట ఆ దేశపు ప్రధాన కార్యాలయము, అటుపిమ్మట ఢిల్లీలోనో బెంగుళూరులోనో ఉన్న శాఖ, దాని క్రింద మన జిల్లాలోని చిన్న సంఘము, చివరకు వికలాంగుడు. ప్రతి మజిలీయందును జీతములు, అద్దెలు, ప్రయాణములు ఉండును. అవి యుండుట నేరము కాదు. గాలి తిని పనిచేయువారెవరును లేరు. ఏ మజిలీలో ఎంత ఆగినదో చెప్పకుండుటయే నేరము.

చెప్పకుండిన ఏమగునో అమెరికాలో జరిగిన కథ యొకటి చాలును. ఆ సంస్థ అంతర్జాతీయము కాకపోయినను, వికలాంగుల పేర ధనము పోగుచేయు విధానము ఎల్లెడల ఒకటియే గనుక చెప్పుచున్నాను. యుద్ధములలో అంగవికలులైన సైనికుల సహాయార్థమని 2007లో అచ్చట ఒక జాతీయ సంస్థ వెలసెను. ఇంటింటికి ఉత్తరములు పంపి కోట్ల డాలర్లు వసూలు చేసెను. ఆ ఉత్తరములను అచ్చువేసి పంపు క్వాడ్రిగా ఆర్టు అను వ్యాపారసంస్థకును, దాని తోడివారికిని వచ్చిన ధనములో అత్యధికభాగము పోయెను. సైనికులకు చేరినదేమి? ఊరూర ఆశ్రమములకు పంపిన సామగ్రిలో కొబ్బరి కలిపిన మిఠాయి సంచులు, వంటవాండ్ర అంగీలు కూడ ఉండెనని విలేఖరులు బయటపెట్టిరి. తుదకు 2014లో న్యూయార్కు రాష్ట్రపు అటార్నీ జనరలు కలుగజేసికొనగా, పరిహారమును, బాకీల మాఫీని కలిపి దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల విలువగల ఒప్పందమునకు ఆ వ్యాపారులు తలయొగ్గవలసి వచ్చెను.

ఈ కథలో మనము గమనింపవలసిన సూక్ష్మము మిఠాయిలలో నున్నది. వస్తురూపమున వచ్చిన దానమును పద్దులో ఏ ధరకు వ్రాయుదురు? ఎవరికో అక్కరలేక మిగిలిన సరుకును తీసికొని, దానికి అంగడి ధర కట్టి, “ఇంత విలువగల సేవ చేసితిమి” అని ఖర్చులో వ్రాసికొన్నచో, కాగితముమీద సంస్థ ధర్మరాజువలె ప్రకాశించును. నగదంతయు ఉత్తరములకు పోయినను, మొత్తముమీద సేవకే ఎక్కువ పాళ్లు పోయినట్లు కనబడును. నూటికి ఇన్ని పాళ్లు సేవకే యని ప్రకటనలలో చూచి మురిసిపోవు మనవారికి ఈ కిటుకు తెలియవలెను. పాళ్ల లెక్క అబద్ధమాడదు, దానిచేత అబద్ధమాడింపవచ్చును.

మన ప్రభుత్వము కూడ ఈ పాళ్ల మోహమునకు లోనైనది. విదేశీ విరాళముల చట్టము 1976లో పుట్టి, 2010లో తిరిగి వ్రాయబడి, 2020 సెప్టెంబరులో మఱల సవరింపబడెను. అంతకుముందు వచ్చిన విరాళములో నూటికి 50 పాళ్ల వఱకు పాలనావ్యయమునకు వాడుకొనవచ్చును. 2020 సవరణతో అది 20 అయ్యెను. ఆసుపత్రి వైద్యుల జీతములు, పాఠశాలల ఉపాధ్యాయుల జీతములు అందులో చేరవని నియమములు చెప్పుచున్నవి గనుక, ఇది అన్యాయమని నేననను. కాని అదే సవరణ, విదేశీ విరాళము పొందిన సంస్థ దానిలో ఒక పైసయైనను మఱియొక సంస్థకు ఈయరాదని శాసించెను. దీనివలన దెబ్బతిన్నదెవరు? ఢిల్లీలో కార్యాలయము, ఆడిటరు, న్యాయవాది గల పెద్దసంస్థ కాదు. ఆంగ్లములో అర్జీ వ్రాయలేక, పెద్దసంస్థ ఇచ్చు నాలుగు రాళ్లతో తాలూకాలో ఇద్దఱు ముగ్గురు కార్యకర్తలను నిలుపుకొని, చెవిటిపిల్లల ఇండ్లకు నడిచిపోవు చిన్నసంఘము. దొంగను పట్టుటకు వేసిన వలలో కూలివాడు చిక్కినట్లయినది.

అంతకంటె విపరీతమైనది మఱొకటి జరిగెను. ఈ సంస్థలు ఏటేట హోంశాఖకు సమర్పించు లెక్కలను ఎవరైనను చూచుటకు వీలుగా ఆ శాఖవారు తమ వెబ్‌సైటులో ఉంచెడివారు. 2022 జులైలో వానిని తీసివేసిరి. మూడు నెలల కొకసారి వచ్చిన విరాళములను ప్రకటింపవలెనను నియమమును కూడ అప్పుడే ఎత్తివేసిరి. సంవత్సరమున కొకసారి, ఏడాది ముగిసిన తొమ్మిది నెలలలోగా, లెక్క ప్రకటింపవలెనను నియమము మాత్రము మిగిలినది. ఫలితమేమి? ఇంగ్లండులో రిజిస్టరైన ధర్మసంస్థ లెక్కలను లండనులోని గృహస్థుడు ఇంటనే కూర్చుండి అచ్చటి చారిటీ కమిషను పుటలలో చదువుకొనును. అదే సంస్థ ధనముతో మన వైగై ఒడ్డున ఏమి జరిగినదో తెలిసికొనగోరు మదుర గృహస్థుడు మన ప్రభుత్వపు పుటలను తెఱచిన చూడగలిగినది లేదు. లెక్కలు ప్రభుత్వమువారి వద్ద ఉన్నవి కదా యని సమాధానపడుదమా? ప్రభుత్వము పరీక్షించుటకు, ప్రజలు చూచుటకు చాల తేడా కలదు. గోడమీది శాసనమును తీసి బీరువాలో పెట్టినట్లున్నది.

అయితే లెక్క చక్కగా నడుచుటకు ఉదాహరణము లేదా? చాల దూరము పోనక్కరలేదు. మనవాడని మనము సగర్వముగా చెప్పుకొను డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో కరిసల్ నేలలోని వడమలాపురమున జన్మించిరి. యౌవనముననే కీళ్లవాతము పట్టి వ్రేళ్లు వంకరపోయెను. ఆ వ్రేళ్లతోనే శస్త్రము పట్టుట నేర్చి, జీవితకాలమున లక్షకు పైబడిన కండ్లకు చూపు తెచ్చిరి. 1976లో ప్రభుత్వోద్యోగమునుండి విరమించి, 11 పడకలతో మదురలో అరవింద కంటి ఆసుపత్రిని ప్రారంభించిరి. ఇల్లు తాకట్టుపడెను, ఆడవారి నగలు కుదువకు పోయెను. విదేశపు విజ్ఞాపన పత్రములలో బొమ్మగా వేయదగిన వికలాంగుడు ఆయనయే గదా! ఆయన బొమ్మ కాదలచలేదు, యజమాని అయ్యెను.

ఆ ఆసుపత్రికి విదేశీ సహాయము రాలేదనుట అసత్యము. 1978లో అమెరికాలో ఏర్పడిన సేవా ఫౌండేషను స్థాపనలో ఆయనకును భాగము కలదు. 1992లో లయన్సు సంఘమువారి తోడ్పాటుతో శిక్షణసంస్థ వెలసెను. కాని నిత్యవ్యయమునకు ఆయన విదేశముల వైపు చూడలేదు. చెల్లింపగలవారు చెల్లించిన రుసుముతో చెల్లింపలేనివారికి చికిత్స జరుగును. ఎవరు ఏ వరుసలో నిలుచుటయో రోగియే నిర్ణయించుకొనును. ఆదాయపు పత్రము చూపుమని వానినెవరును అవమానింపరు. ఏటేట జరుగు లక్షలాది శస్త్రచికిత్సలలో సగమునకు మించినవి ఉచితముగానో, స్వల్పరుసుముతోనో జరుగుచున్నవి.

కంటిలో పొదుగు కటకముల కథ ఇంకను విలువైనది. ఒకప్పుడు ఆ కటకములు అమెరికా కంపెనీల దానముగా వచ్చెడివి. దానము వచ్చినన్నాళ్లు కొందఱికి చూపు, రానినాడు సోడాబుడ్డి కండ్లద్దములు. బీదదేశములకు ఈ కటకములు తగవు, ఖర్చెక్కువ యని విదేశపు పండితులే వాదించిన దినములవి. విదేశములలో నూరు డాలర్లకు తగ్గని ఆ వస్తువును 1992లో మదురలోనే అరోల్యాబు అను పేర తయారుచేయ మొదలిడగా, ధర మొదట పది డాలర్ల ప్రాంతమునకు, తరువాత అంతకు చాల దిగువకు దిగివచ్చెను. దానముగా వచ్చినంతకాలము దాని నిజమైన ఖరీదెంతయో ఎవరికిని తెలియలేదు. తామే చేసి లెక్కకట్టిననాడు తెలిసినది. ఒక కంటికి ఎంత ఖర్చు, ఒక కటకమునకు ఎంత, ఒక శిబిరమునకు ఎంత యని పద్దు చెప్పగల సంస్థకు 2010లో హిల్టను మానవసేవా బహుమానము వచ్చినదన్న ఆశ్చర్యమేమి? హైదరాబాదులో చిత్రనిర్మాత ఎల్.వి. ప్రసాదుగారు ఇచ్చిన 5 ఎకరముల భూమితోను, కోటి రూపాయలతోను డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు నిర్మించిన నేత్రవైద్యసంస్థ కూడ, ధనికుని రుసుముతో పేదవానికి చికిత్స చేయు ఈ త్రోవనే నడచినది.

అందఱును కంటిఆసుపత్రులు కాలేరనుట నిజము. కండ్లు కోసిన మఱునాడు చూపు వచ్చును. చెవిటిబిడ్డకు మాట నేర్పుటకు ఏండ్లు పట్టును. బుద్ధిమాంద్యము గల బిడ్డ తల్లివద్ద రుసుము పుచ్చుకొని సంస్థ నడపుట ఎవరివలన కాదు. అట్టిచోట దానము అవసరము. విదేశీ దానమును అవసరమే. అందుకనియే లెక్క మఱింత అవసరము.

ఆ లెక్క ఎవరికి చెప్పవలెను? నా వాదమంతయు ఈ ప్రశ్నయందున్నది. దాతకు రశీదు వచ్చును. ప్రభుత్వమునకు పత్రము పోవును. ఎవని బొమ్మ చూపి ధనము తెచ్చిరో వానికి మాత్రము ఎవరును ఏమియు చెప్పరు. కొన్ని సంవత్సరముల క్రిందట మన ప్రాంతమున ఒక కల్యాణమండపములో జరిగిన చక్రపు కుర్చీల పంపిణీని నేను చూచితిని. వేదికపై పూలదండలు, శాలువలు, గంటన్నర ఉపన్యాసములు. క్రింద నలుబదిమంది వరుసగా కూర్చుండిరి. ఎవరి కొలతయు ఎవరును తీసికొనలేదు. కుర్చీలన్నియు ఒకే పరిమాణము. ఆఱేండ్ల బాలిక పెద్దవాని కుర్చీలో ఒరిగి, ఒకవైపునకు జాఱుచుండగా ఛాయాచిత్రము తీసిరి. ఆసుపత్రి నున్నని నేలకు తగిన ఆ చిన్న చక్రములు మన పల్లెల కంకరదారిలో నాలుగు బారలైనను సాగవు. కొలత, అమరిక, శిక్షణ, తరువాతి మరమ్మతు లేనిదే కుర్చీ యిచ్చుట సేవ కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లోనే మార్గదర్శకములు ప్రకటించినది. ఆ నాటి వార్షికనివేదికలో మాత్రము “నలుబది కుర్చీలు” అని ఉండియుండును. అది అబద్ధము కాదు, నిజమును కాదు.

వికలాంగులను ఏ పేరుతో పిలువవలెనను విషయమున ప్రభుత్వములు చాల శ్రద్ధ వహించుచున్నవి. తమిళములో మాట్రుత్తిఱనాళి యందురు. ఉత్తరాదివారు 2015 నుండి దివ్యాంగులనుచున్నారు. పేరు ఎంత దివ్యమైనను కాలిపర్ తెగిన నాడు బాగుచేయువాడు కావలెను గదా. ఐక్యరాజ్యసమితి 2006లో అంగీకరించి, మన దేశము 2007లో ఆమోదించిన ఒడంబడిక, వికలాంగులకు సంబంధించిన నిర్ణయములలో వారితో సంప్రదింపవలెనని చెప్పుచున్నది. అంతర్జాతీయ సహాయము గూర్చియు అందొక ప్రకరణము కలదు. మన 2016 చట్టము గుర్తింపు పొందిన వైకల్యములను 7 నుండి 21కి పెంచినది. ఇన్ని ఉండియు, వికలాంగుల ధనమును పంచు సమితులలో వికలాంగులెందఱు కూర్చుండిరని అడిగిన, చాల సంస్థలు దగ్గుట మొదలిడును.

మనవారు అడుగవలసిన ప్రశ్నలు ఆడిటరు విద్య అక్కరలేనివి. నేనిచ్చిన ధనములో మా జిల్లాకు ఎంత వచ్చినది? వస్తుదానమును ఏ ధరకు వ్రాసితిరి? నిరుడు ఇచ్చిన కాలిపర్లలో ఈ ఏడు ఎన్ని వాడుకలో నున్నవి? మీ సమితిలో వికలాంగులెవరు? లెక్క తమిళములోనో తెలుగులోనో పుచ్చుకొన్నవారి కెదుట ఎప్పుడైన చదివితిరా? మంచి సంస్థ ఈ ప్రశ్నలకు సంతోషించును. కోపించిన సంస్థకు ఇచ్చుట మానవచ్చును. ఇందువలన పేదలకు అందునది తగ్గిపోవునని భయపడువారు, ఇప్పుడు అందుచున్నదెంతయో మొదట కనుగొని, పిమ్మట భయపడుట మేలు.

విదేశీయులను అడుగుటకు ముందు మన యిల్లు చక్కబెట్టుకొనవలదా యని కొందఱందురు. నిక్కము. కోయంబత్తూరులో పి.ఎస్. గోవిందస్వామినాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని నాలుగు భాగములు కాక ఐదు భాగములు చేసి, ఐదవది ధర్మమునకు పెట్టిరి. ఐదుగురు అన్నదమ్ములవలె ధర్మమునకును ఒక వాటా, ఒక ఖాతా. వాటాదారుడు లెక్క అడుగును, భిక్షకుడు అడుగడు. మన కులసంఘములలో, కల్యాణమండపముల పాలకవర్గములలో, విద్యానిధులలో ఈ మాట గుర్తున్నవారు ఎందఱు? సర్వసభ్యసమావేశమున జమాఖర్చులు చదువునప్పుడే భోజనమునకు పిలుపు వచ్చుట మన ఆనవాయితీ యైనది.

ఈ సంచికకు ప్రకటనలిచ్చిన మిల్లులవారు, నగల దుకాణములవారు, ఎరువుల వర్తకులు ముందు పుటలలో కలరు. ప్రకటనలపై వచ్చినదెంత, అచ్చుకూలి ఎంత, మిగులెంత, ఆ మిగులులో అంగవికలులైన మన పిల్లల చదువునకు పోయినదెంతయో వచ్చు సంచిక మొదటి పుటలో, అధ్యక్షులవారి ఛాయాచిత్రమునకు పైన, అచ్చువేయవలెనని కార్యవర్గమువారిని ఇందుమూలముగా కోరుచున్నాను. ఆ పుటను సర్వసభ్యసమావేశమున భోజనమునకు ముందు ఆ పిల్లలలో ఒకరిచేత చదివింపవలెనని కూడ కోరుచున్నాను.